ఫిబ్రవరిలో రానివాళ్ళకి ఆగస్టులో పొలం ఎందుకు?

మొన్న ఆదివారం పర్లాకిమిడి నుంచి ఒకాయన ఫోన్ చేశారు. దూరపు చుట్టరికం, వరసకి అన్నయ్య. సంక్రాంతికి విశాఖ నుంచి ఆయన స్నేహితులు ఇద్దరు వస్తున్నారట, వాళ్ళ దగ్గర మంచి ఎయిర్‌గన్ ఉందట. "కాశీనగరం దగ్గర మీ పొలంలో గువ్వలు బాగా వాలతాయి కదా తమ్ముడూ, ఒక పూట వచ్చి సరదాగా కొట్టుకుని పోతాం, నీ పంటకీ మేలే" అన్నారు.

వద్దన్నయ్యా అన్నాను. గువ్వని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం అని చెప్పాను. ఎవరు చూస్తారులే అన్నారు. ఆ మాట కన్నా "నీ పంటకీ మేలే" అన్న మాట నాకు ఎక్కువ తగిలింది. సంక్రాంతి నాటికి మా వడ్లు కళ్ళం దాటి ఇంటికొచ్చేస్తాయి, పెసర పూత మీద ఉంటుంది, ఆ రోజుల్లో గువ్వ చేలో వాలిందంటే రాలిన గింజ ఏరుకోవడానికే. దాన్ని కొడితే నా పంటకి ఒరిగేదేముంది? పిట్టతో నాకు పేచీ అక్టోబరులో, వరి పాలు పోసుకునేటప్పుడు, పైన వాన పడుతూ కింద గట్లు జారుతూ ఉన్నప్పుడు. అప్పుడు ఒక్కరూ ఫోన్ చేయరు. ఇదే ఆయనతో అన్నాను, ఆయన నొచ్చుకుని ఫోన్ పెట్టేశారు. పెద్దవారిని నొప్పించినందుకు బాధగానే ఉంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోను.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఇంగ్లండు దాకా వెళ్ళాలి.

2022 చివర్లో చదువు కోసం వెళ్ళి రెండేళ్ళు లింకన్‌షైర్‌లో ఉన్నాను. తూర్పు ఇంగ్లండులో కొండా గుట్టా లేని వ్యవసాయ ప్రాంతం అది, గోధుమ, బార్లీ, బఠాణీ, బంగాళాదుంప, కోసుకూరలు. ఊళ్ళో అద్దెలు భరించలేక ఒక రైతు ఇంటి వెనక గదిలో ఉండేవాణ్ణి. రైతు కొడుకుని కాబట్టి ఖాళీ దొరికితే పొలంలోనే తిరిగేవాణ్ణి. అక్కడ వాళ్ళకి పెద్ద తలనొప్పి వుడ్‌పిజియన్ అనే పావురం. మన గుడి గోపురాల మీద ఉండే పావురం కాదు. దానికన్నా పెద్దది, అర కేజీ దాకా తూగుతుంది, మెడకి రెండు పక్కలా తెల్ల మచ్చ, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ కనిపిస్తుంది. బ్రిటన్‌లో సుమారు 50 లక్షల జంటలు ఉంటాయని అంచనా.

అక్కడ ఆవజాతి నూనెపంట ఒకటి వేస్తారు. కనోలా అంటే మనవాళ్ళకి తెలుస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విత్తుతారు, చలికాలమంతా ఆకు మీదే ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో పూసి ఊరంతా పచ్చటి పసుపు అయిపోతుంది, జూలైలో కోత. డిసెంబరు దాటాక చెట్ల కింద కాయలూ పొలంలో గింజలూ అయిపోయి పావురానికి తిండి దొరకదు, అప్పుడు ఈ ఆకు మీద పడుతుంది. మంచు కురిసి నేలంతా కప్పేస్తే ఇక చెప్పక్కర్లేదు, మంచులోంచి పైకి కనిపించే పచ్చదనం ఇదొక్కటే. జనవరిలో ఒక పొద్దున నేను ఆ పొలం మూలకి వెళ్ళి వంగి చూశాను. ఆకు మధ్య ఈనె మాత్రం పుల్లలా నిలబడి ఉంది, రెండు పక్కలా కండ అంతా పొడుచుకు తినేశాయి, మీద తెల్లటి రెట్టలు. మొక్క చావదు, మళ్ళీ చిగురేస్తుంది. అయితే పొలంలో ఒకచోట పూత ముందు, ఇంకోచోట మూడు వారాలు ఆలస్యం, ఒకచోట కాయ ఎండి పగులుతుంటే పక్కన ఇంకా పచ్చిగానే ఉంటుంది. అలాంటి చేనుని ఎప్పుడు కోయాలి? ఆ కష్టం రైతుకే తెలుస్తుంది.

ఆ పొలానికి ఒక పెద్దాయన వచ్చేవారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, అరవై దాటాయి. ఆ పొలంలో పావురాలని కొట్టడానికి రైతు ఇచ్చిన అనుమతి ఆయన దగ్గర ఉంది. డబ్బు ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. తూటాలు ఆయనవే, పెట్రోలు ఆయనదే. కొట్టిన పావురాలని వేటమాంసం కొనే వ్యాపారికి ఇస్తే వచ్చేది ఆ తూటాల ఖర్చుకి కూడా చాలదు. మొదట్లో నాకు ఆయనంటే మంచి అభిప్రాయం లేదు. పిట్టని చంపేవాడు అనే అనుకున్నాను. జనవరిలో ఆ ఈనెలు చూశాక, నేనే అడిగి ఆయన వెంట సంచి మోయడానికి వెళ్ళాను.

వెళ్ళిన మొదటి రెండు రోజులూ ఆయన తుపాకీ బయటికే తీయలేదు. కారు గట్టున ఆపి, బైనాక్యులర్స్ పెట్టుకుని, పావురాలు ఏ చెట్ల వరసలోంచి వస్తున్నాయి, ఏ కంచె మీదుగా దాటుతున్నాయి, గాలి ఎటు ఉంటే ఎటు వాలుతున్నాయి అని చూస్తూ కూర్చున్నారు. రోజూ ఒకే దారిన వస్తాయి అవి. ఆ దారి తెలియకుండా మాటు వేస్తే రోజంతా కూర్చున్నా ఒక్కటీ దగ్గరికి రాదు. మూడో రోజు పొద్దున్న ఏడింటికి వెళ్ళాం, చేతివేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కంచెకి ఆనించి నాలుగు కర్రలు పాతి, ఆకు రంగు వల కట్టి, లోపల చిన్న స్టూలు వేశారు. తర్వాత సంచిలోంచి దీమం పిట్టలు, అంటే ఎరగా పెట్టే బొమ్మ పావురాలు తీశారు, ప్లాస్టిక్‌వి పన్నెండో పద్నాలుగో. వాటిని ముక్కులు గాలికి ఎదురుగా ఉండేలా, గుర్రపు లాడం ఆకారంలో పేర్చి మధ్యలో ఖాళీ ఉంచారు. పావురం గాలికి ఎదురుగానే వాలుతుంది, వచ్చేది ఆ ఖాళీలో దిగుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం కూడా ఆయన అడుగులతో కొలిచారు. మరీ దగ్గరగా పెడితే బెదిరిపోయి గుమికూడినట్టు ఉంటుందట, కడుపు నిండా తింటున్న గుంపు ఎడంఎడంగా ఉంటుందట. మన వేటగాళ్ళు దీమం పిట్టతో ఎలా చేసేవారో మా తాతగారు చెప్పగా విన్నది అంతా అక్కడ కళ్ళతో చూశాను.

ఆ రోజు పడ్డ మొదటి పావురాన్ని చేతిలోకి తీసుకుని, గొంతు కింద మేత సంచి కోసి నాకు చూపించారు. నిమ్మకాయ కన్నా పెద్దదిగా, గట్టిగా, ముక్కలు ముక్కలైన పచ్చటి ఆకు. ఒక్క పూట మేత అది. అలాంటివి ఐదారు వందలు ఆ పొలం మీద. ప్రతిసారీ ఆయన ఈ సంచి కోసి చూస్తారు. అందులో ఏముందో చూస్తే రేపు ఏ పొలంలో కాపు కాయాలో తెలుస్తుందని. మార్చిలో అందులో విత్తిన బఠాణీ ఉంటుంది, జూలైలో గోధుమ. ఏ పంట అందులో కనిపిస్తే ఆ రైతు దగ్గరికి తనే వెళ్ళి చెప్పేవారు.

అక్కడా పక్షిని ఊరికే కొట్టకూడదు. 1981 చట్టం అడవి పక్షులన్నిటికీ రక్షణ ఇస్తుంది. పావురం లాంటి కొన్నిటిని కొట్టడానికి ప్రభుత్వం జనరల్ లైసెన్స్ అని ఇస్తుంది, ఇప్పుడు ఇంగ్లండులో పంట నష్టానికి వర్తించేది జీఎల్ 42. దాని ప్రకారం కొట్టడానికి కారణం పంటకి తీవ్ర నష్టం జరగకుండా ఆపడం, అంతే. సరదా కారణం కాదు. చప్పుడు చేసే గ్యాస్ తుపాకులు, దిష్టిబొమ్మలు, గాలిపటాలు లాంటివి కూడా వాడాలి. 2019 ఏప్రిల్‌లో కోర్టుకి వెళ్తామని పర్యావరణవాదులు సవాలు చేస్తే అప్పటి లైసెన్సులు రద్దయిపోయాయి, విత్తనాల రోజుల్లో రైతులు తలలు పట్టుకున్నారని ఆయన చెప్పేవారు. ఆ గొడవలో ఆయన ఎవరినీ తిట్టలేదు. "కారణం చెప్పలేనివాడు కొట్టకూడదు, అది సబబే" అన్నారు. తుపాకీ సర్టిఫికెట్ కూడా ఐదేళ్ళకోసారి పోలీసుల దగ్గర మళ్ళీ తీసుకోవాలి.

ఇక ఆగస్టు.

ఆగస్టులో అక్కడ ఎండ బంగారంలా ఉంటుంది. గోధుమ కోతలైపోయి పొలమంతా కొయ్యకాలు, రాలిన గింజ కోసం పావురాలు వందలకొద్దీ. అప్పుడు వస్తారు జనం. ఒక శనివారం మా రైతు పొలంలోకే నాలుగు కార్లు వచ్చాయి. ఎవరో ఒకరికి ఏడాది కింద ఊ అన్నాడట, ఆయన ముగ్గురిని వెంటేసుకొచ్చాడు. దీమం పిట్టలు మోటారు మీద తిరిగేవి, కొత్త బట్టలు, మడత కుర్చీలు, కూల్ బాక్సులు. పావురాల దారి ఎవరూ చూడలేదు, నీడ ఎక్కడుందో చూసి అక్కడ కూర్చున్నారు. అందనంత ఎత్తున పోయేవాటిని కూడా కాల్చారు. దెబ్బ తగిలి రెక్క వాల్చి పక్క పొలంలో పడినవాటిని వెతకడానికి లేవలేదు. సాయంత్రం నేనూ పెద్దాయనా వెళ్ళి కంచె పక్కన బతికే ఉన్న రెండిటిని ఏరాం, ఆయన వాటి బాధ తీర్చారు. గట్టు నిండా ఖాళీ తూటాల గొట్టాలు. ఎన్ని పడ్డాయో ఫోటోలు మాత్రం తీసుకుని వెళ్ళారు.

నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకో సంగతి. వుడ్‌పిజియన్లు గూళ్ళు ఎక్కువగా పెట్టేది జూలై నుంచి సెప్టెంబరు దాకానే. రెండేసి పిల్లలు, తల్లీ తండ్రీ ఇద్దరూ మేత సంచిలో ఊరే పాలతో పెంచుతాయి. కొయ్యకాలు మీద రాలిన గింజ తింటే రైతుకి పోయేదేమీ లేదు. పక్కనే ఇంకా కోయని చేను ఉంటే అది వేరే మాట. పెద్దాయన ఆగస్టులో కోత అయిపోయిన పొలాల్లో తుపాకీ ఎత్తేవారు కాదు. జూలైలో గాలివానకి గోధుమ నేలకొరిగితే మాత్రం పొద్దున్నించి రాత్రి దాకా అక్కడే. పడిపోయిన చేను మీదే పావురం వాలుతుంది, నిలబడ్డ చేలో దానికి దిగే చోటు ఉండదు. ఆ పడ్డ మడి దగ్గర మాటు వేసి, పంట పోతుంటే తప్పదు అని కొట్టేవారు, కొట్టిన ప్రతిదాన్నీ ఏరేవారు.

ఆగస్టులో వచ్చినవాళ్ళని ఫిబ్రవరిలో రైతు ఫోన్ చేసి పిలిచాడు. నా ఎదురుగానే. ఒకాయనకి జలుబు, ఇంకొకాయనకి పని, మూడో ఆయన "పొలం బురదగా ఉందా" అని అడిగాడు.

ఉద్యోగాలున్నవాళ్ళు, వారమంతా ఎలా వస్తారు అని మీరు అడగొచ్చు. న్యాయమే. నేను వాళ్ళందరినీ ఒకే గాటన కట్టను. అక్కడ వేట కోసం పెంచే ఫెజెంట్ కోళ్ళ వేట ఫిబ్రవరి 1తో ముగుస్తుంది, ఆ తర్వాత ఫిబ్రవరి శనివారాల్లో సాయంత్రం పూట చుట్టుపక్కల తోపులన్నిట్లో ఒకేసారి మనుషులు నిలబడతారు. పావురాలు పడుకోవడానికి వచ్చే వేళ అది. ఒక తోపులో లేపితే ఇంకో తోపుకి పోతాయి కాబట్టి అన్ని తోపుల్లోనూ మనిషి ఉండాలి. దానికి జనం కావాలి, ఆ జనం వారాంతం మనుషులే. ఒక స్కూలు టీచరు ఉండేవాడు, ఆ నెల నాలుగు శనివారాలూ వచ్చాడు, చలిలో రెండున్నర గంటలు నిలబడి ఒక్కటీ కొట్టకుండా వెళ్ళిన రోజూ ఉంది. ఆయన్ని ఎవరూ తక్కువగా చూడలేదు. రోజులు లెక్క కాదు, ఏ రోజు వచ్చావు అన్నది లెక్క.

ఆ ఒక్కటీ కొట్టని రోజు గురించి నేను చాలా ఆలోచించాను. మర్టన్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జిషైర్‌లో ఈ పావురాల మీద ఏళ్ళ తరబడి పని చేశారు. 1970లలో ఆయన బృందం తేల్చింది ఏమిటంటే, చలికాలంలో ఎన్ని కొట్టినా మొత్తం సంఖ్య తగ్గదు, ఆ చలికి తిండి దొరక్క ఎలాగూ చనిపోయేవాటి స్థానంలోనే ఇవి చనిపోతున్నాయి. పెద్దాయనకి ఈ సంగతి తెలుసు. "నేను పావురాలని తగ్గించడానికి రావడం లేదు, ఈ మూడు వారాలు ఈ పొలం మీద వాలకుండా చూడటానికి వస్తున్నా" అనేవారు. ఆ మాట వినగానే నాకు మా పొలానికి కూలికి కాపలా కాసే తాత గుర్తొచ్చాడు. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, వంశధార ఒడ్డున మంచె మీద ఉన్న మనిషి గుర్తొచ్చాడు.

ఈ కాపలా తాత చేతిలో ఎప్పుడూ తుపాకీ లేదు. వడిసెల. గోగునార పేనింది, మధ్యలో అరచేతి వెడల్పు అల్లిక. ఒక కొస ముడి వేలికి తగిలించి, రెండో కొస బొటనవేలితో నొక్కిపట్టి, తల మీద రెండు చుట్లు తిప్పి వదిలితే ఠాప్ మని చప్పుడొస్తుంది. సగం పిట్టలు ఆ చప్పుడుకే లేచిపోతాయి. రాళ్ళు వేయడు. ఏటి బంకమట్టితో ఉండలు చేసి ఎండబెట్టి గోనెసంచిలో పోసుకుంటాడు. రాయి చేలో పడితే కోతల్లో కొడవలి నోరు పోతుంది, మట్టి ఉండ వానకి కరిగిపోతుంది. చిన్నప్పుడు ఒకసారి నేను గురి చూసి పిట్టనే కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిట్ట సచ్చిపోతే నాకేటొస్తాది బాబూ, లేసిపోతే సాలు" అన్నాడు.

ఆయన ఏడాదిలో రాని నెల లేదు. ఆషాఢంలో ఆకుమడి, భాద్రపదంలో మెట్ట మీద మొక్కజొన్నకి రామచిలకలు, తర్వాత చోడి చేను, అక్టోబరులో వరి, కోతలయ్యాక పెసర, మినుము. పాలకంకి వేళ జీనువాయి పిట్టలు గుంపుగా వస్తాయి. ఒక్కో గింజని ముక్కుతో నొక్కి పాలు పీల్చి వదిలేస్తాయి. కంకి చూడటానికి బాగానే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే తాలు. పొద్దు పొడిచాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు అసలు కాపలా. మధ్యాహ్నం తరవాణి తాగి మంచె కింద నడుం వాలుస్తాడు. కూలి డబ్బుగా కన్నా కళ్ళంలో కుంచాల లెక్కన వడ్లుగా తీసుకోవడమే ఆయనకిష్టం. పంట పోతే ఆయన గింజలూ పోతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా పోయింది. మా వరి మొత్తం నేలకి పరుచుకుపోయింది, అదీ సరిగ్గా పాలకంకి మీద. కరెంటు లేదు, దారికి అడ్డంగా చెట్లు, ఆయన ఇంటి పైకప్పే ఎగిరిపోయింది. మూడో రోజు పొద్దున్న నాన్న చేలోకి వెళ్ళేసరికి తాత గట్టు మీద ఉన్నాడు. మంచె కూలిపోయింది, గోనెపట్ట కప్పుకుని నిలబడి వడిసెల తిప్పుతున్నాడు. పడ్డ చేను మీద పిట్ట ఎక్కువ వాలుతుందని ఆయనకి తెలుసు, లింకన్‌షైర్ పెద్దాయనకి తెలిసినట్టే. ఆ ఏడు మాకు మిగిలిన నాలుగు బస్తాలూ ఆయన నిలబెట్టినవే. నాన్న ఆ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు మారిపోతుంది.

అందుకే అన్నయ్య ఫోన్‌లో "పంటకి మేలే" అంటే ఊరుకోలేకపోయాను. పంటకి మేలు అనేది ఆ మంచె మీద, ఆ వల వెనక కూర్చున్నవాళ్ళ మాట. పండక్కి వచ్చి ఆరు గువ్వల్ని తోరణంలా కట్టి ఫోటో తీసుకునేవాళ్ళు ఆ మాట వాడుకోకూడదు. చట్టం లేకపోయినా నేను రానిచ్చేవాణ్ణి కాదు.

తాతకి ఈ ఏడు మోకాళ్ళు పట్టేశాయి, మంచె ఎక్కలేకపోతున్నాడు. వరి కోత ఎల్లుండి. కోతకి ముందే చేలో చల్లిన పెసర అప్పుడు బయటపడుతుంది, గువ్వలూ పావురాలూ వచ్చి ఏరుకుపోతాయి, రెండాకులు వేసేదాకా పది రోజులు చూసుకోవాలి. పొద్దున్న ఐదున్నరకి నేనే వెళ్తాను. తాత గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఎటు చూడాలో చెప్తానన్నాడు. నిన్న రాత్రి నాకోసం కొత్త వడిసెల పేనాడు, ఆయన దానికన్నా జానెడు పొడుగు, నా చెయ్యి పొడుగని. మంచుంటుంది, గట్టు తడిగా ఉంటుంది. అన్నయ్యకి కూడా మెసేజ్ పెట్టాను, స్నేహితులతో సహా ఏ రోజైనా రమ్మని, ఎయిర్‌గన్ మాత్రం ఇంట్లో పెట్టేసి. ఇంకా చూడలేదు.